ఏడో బెల్టులో రాయని లైను

ఎర్రగుంట్ల పక్కన ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఓబన్న అనే కాంట్రాక్టు కూలీ చెయ్యి బెల్టులో పడి నలిగిన సంగతి పద్మప్రియకు మూడు రోజుల తర్వాత తెలిసింది. అదీ ఒకరు చెప్పగా కాదు. ఫ్యాక్టరీ సేఫ్టీ ఆఫీసర్ లేవి పంపిన మెయిల్‌లో రెండు వాక్యాలుగా తెలిసింది. "ఏడో బెల్టు ప్రమాదం మీద విచారణ జరుగుతోంది. కార్మికుడు తాళం వేయకుండానే లోపలికి దిగినట్టు మీ సాఫ్ట్‌వేర్ రిపోర్టులో కనిపిస్తోంది కాబట్టి, ఆ రిపోర్టు సరైనదేనని సంతకం చేసి పంపండి."

ఏడో బెల్టు ప్రోగ్రామ్ రాసింది పద్మప్రియే.

ఆమెకు ముప్పై ఆరేళ్ళు. పుట్టింది నందికొట్కూరులో. తండ్రి నాగసుబ్బయ్యకు అక్కడ విత్తనాల కొట్టు ఉండేది. రోజూ బస్సులో కర్నూలుకు పోయి వస్తూ ఇంజనీరింగు చదివింది. పెళ్ళయ్యాక కడపకు వచ్చింది. భర్త కిరణ్‌కుమార్ బోరు మోటార్లు, స్టార్టర్లు అమ్మే దుకాణం నడుపుతాడు. ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో ఒక మేడ మీద గోపీనాథ్ అనే ఆయన నడిపే చిన్న ఆఫీసులో ఆమె తొమ్మిదేళ్ళుగా పనిచేస్తోంది. మొత్తం ఐదుగురు. ఫ్యాక్టరీల్లో యంత్రాలను కంట్రోల్ రూమ్ నుంచి నడిపించే ప్రోగ్రాములు రాస్తారు. పద్మప్రియ జాగ్రత్త మనిషి. ఇంటికి తాళం వేసి, మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి తాళం లాగి చూసి వస్తుంది. ఆమె రాసిన ప్రోగ్రామును ఇంకొకరు సరిచూడాల్సిన పని లేదని ఆఫీసులో అందరికీ ఒక నమ్మకం. ఆ నమ్మకం వల్లనే ఏడో బెల్టును ఇంకొకరు చూడలేదు.

ఆ ఫ్యాక్టరీలో పద్ధతి ఇది. బెల్టు మీది నుంచి బొగ్గు, జిప్సం గొట్టాల్లోకి జారుతుంటాయి. వానలు పడ్డప్పుడు అవి తడిసి గొట్టంలో గడ్డకడతాయి. అప్పుడు బెల్టు ఆపి, మనుషులు లోపలికి దిగి గడ్డపారలతో పొడిచి దులపాలి. దిగేముందు ప్రతి మనిషీ బెల్టు దగ్గరున్న పెట్టెకు తన కార్డు తాకించాలి. అప్పుడు పెట్టె మీద అతని పేరు ఎర్రగా వెలుగుతుంది. దాన్నే వాళ్ళు తాళం అంటారు. తాళం పడి ఉండగా కంట్రోల్ రూమ్‌లో ఎవరు స్టార్ట్ నొక్కినా బెల్టు కదలకూడదు. బయటికొచ్చి మళ్ళీ కార్డు తాకిస్తేనే తాళం తీసినట్టు; పేరు ఆరిపోతుంది, పెట్టెలో దాని గుర్తేమీ మిగలదు. పెద్ద పనులకైతే కరెంటే తీసేయాలన్న రూలు ఉంది. అయితే పది నిమిషాల పనికి కార్డు చాలులే అన్న అలవాటు అక్కడ ఎప్పుడో పడిపోయింది.

పద్మప్రియ రిపోర్టు తెరిచింది. అక్టోబరు ఆరో తేదీ, మధ్యాహ్నం మూడు గంటల పన్నెండు నిమిషాలు, ఏడో బెల్టు, వెనక్కి. ఆ పక్కన 'తాళాలు' అన్న గడి. అందులో ఏమీ లేదు.

తాళాలు లేవు కాబట్టి గడిలో ఏమీ లేదు. లేవి అలాగే అనుకున్నాడు. ఎవరైనా అలాగే అనుకుంటారు. పద్మప్రియ కూడా ఒక నిమిషం అలాగే అనుకుని, సంతకం చేద్దామని కాగితం ప్రింటరు నుంచి తీసింది. తీసి, పై వరుస చూసింది. ఐదో బెల్టు. తాళాల గడిలో సున్నా. దాని పైన రెండో బెల్టు. సున్నా. ఆ పైన నాలుగో బెల్టు. 'రెండు తాళాలు, ఆపబడింది'.

ఒక్క తాళం కూడా లేకపోతే సున్నా పడాలి. ఖాళీ పడకూడదు.

ఆమె కుర్చీలో ముందుకు జరిగింది. ప్రమాదం నాటికి ఏడో బెల్టు పనిలో చేరి పదకొండు రోజులు. ఆ పదకొండు రోజుల్లో దాన్ని స్టార్ట్ చేసిన ప్రతి వరుసా వెతికింది. అన్నీ ఖాళీ. ఒక్క సున్నా లేదు. ఒక్క 'ఆపబడింది' లేదు.

ప్రోగ్రాములో అన్ని యంత్రాలకూ కలిపి ఒక పేరెంట్ క్లాస్ ఉంది. దాని పేరు 'మెషిన్'. అన్ని యంత్రాలకూ ఉండాల్సిన లక్షణాలు, చేయాల్సిన పనులు అందులో ఒక్కసారే రాసి ఉంటాయి. ఒక్కో బెల్టుకూ దాని కింద ఒక చైల్డ్ క్లాస్. పేరెంట్‌లో ఉన్నదంతా చైల్డ్‌కు దానంతట అదే వస్తుంది. మళ్ళీ రాయనక్కర్లేదు. కానీ ఒక చిక్కుంది. అదే పేరుతో ఒక పనిని చైల్డ్‌లో కొత్తగా రాస్తే, పేరెంట్‌లో ఉన్న పాత పని మూలన పడుతుంది. కొత్తదే నడుస్తుంది. పాతది కూడా జరగాలంటే, దాన్ని పిలవమని 'సూపర్' అనే మాటతో ఒక లైను రాయాలి.

ఏడో బెల్టు మిగతావాటిలా కాదు. ముందుకూ తిరుగుతుంది, వెనక్కూ తిరుగుతుంది. అందుకని 'స్టార్ట్' అనే పనిని దానికి ఆమె కొత్తగా రాయాల్సి వచ్చింది. పేరెంట్‌లోని 'స్టార్ట్' ముందుగా చేసే పని ఒక్కటే. ఎన్ని తాళాలు పడి ఉన్నాయో చూసి, ఆ లెక్క రిపోర్టులో రాసి, ఒక్కటి ఉన్నా ఆపేయడం.

ఆమె ఏడో బెల్టు ఫైలు తెరిచింది. పైన కన్‌స్ట్రక్టర్ ఉంది. యంత్రం ప్రోగ్రాములో పుట్టగానే జరిగే పని అది. అందులో మొదటి లైనే సూపర్. పేరెంట్ కన్‌స్ట్రక్టర్‌ను పిలిచి తాళాల పట్టీ తయారు చేసే లైను. అది మొదటిరోజు మరిచిపోతే ప్రోగ్రామే నడవలేదు, తాళాల పట్టీ లేదని ఎర్రటి అక్షరాలతో ఆగిపోయింది. నవ్వుకుంటూ అప్పుడే రాసింది. కిందికి జరిపింది. 'స్టార్ట్' వచ్చింది. దిక్కు చూడు. మోటారు తిప్పు. రెండు వైపులకూ కలిపి పద్నాలుగు లైన్లు. సూపర్ లేదు.

మళ్ళీ పైనుంచి చదివింది. లేదు. కన్‌స్ట్రక్టర్‌లో మరిచిపోతే ప్రోగ్రామ్ అరిచి చెప్పింది. ఇక్కడ అరవలేదు. పెట్టె మీద పేర్లు ఎర్రగా వెలుగుతూనే ఉన్నాయి. బెల్టు వాటివైపు చూడకుండా తిరుగుతూనే ఉంది. పరీక్ష చేసినప్పుడు ముందుకు తిప్పి చూసింది, వెనక్కి తిప్పి చూసింది. తాళం వేసి స్టార్ట్ నొక్కి మాత్రం చూడలేదు. అది పేరెంట్‌లో ఉంది కదా, ఎప్పుడో పరీక్ష అయిపోయింది కదా అనుకుంది.

ఆ నిమిషంలో ఆమెకు ఓబన్న గుర్తుకు రాలేదు. వేరొకటి గుర్తొచ్చింది. నిన్న మొన్న కూడా వానే. ఇప్పుడు కూడా ఆ గొట్టంలో మనుషులు ఉండొచ్చు.

లేవికి ఫోన్ చేసింది. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. కంట్రోల్ రూమ్ నంబరు చేసింది. బిజీ. లేచి నిలబడి, కిటికీ దగ్గరికి పోయి, మళ్ళీ లేవికే చేసింది. ఎత్తాడు. వెనక మిల్లు రొద.

"చెప్పండి మేడమ్, సంతకం అయిందా?"

"సార్, ఏడో బెల్టు ఎవరూ స్టార్ట్ చేయకుండా చూడండి."

"ఆగే ఉండాది మేడమ్. లోపల ముగ్గురు దిగినారు. శూటు గొట్టం క్లీన్ చేస్తాండారు."

"సార్... తాళం పనిచేయడం లేదు. కరెంటు తీయించండి. ముందు కరెంటు తీయించండి."

"తాళం పనిచేయడం లేదంటే? పేర్లు పడినాయి గదా, నేనే చూసినా."

"పేర్లు పడతాయి సార్. బెల్టు ఆగదు. దండం పెడతా, ముందు కరెంటు తీయించండి, తర్వాత అన్నీ చెప్తా."

ఫోన్ కట్ కాలేదు. లేవి పరిగెత్తుతున్న చప్పుడు వినిపించింది. "ఏయ్, ఏడో బెల్టు బ్రేకరు తీయండప్పా! ఎవరూ ముట్టొద్దు! లోపల ఎవరుండారో పిలవండి!" అని అరుపులు. ఆ తర్వాత ఉట్టి రొద. గోడ గడియారంలో నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలూ పద్మప్రియ ఫోన్ చెవికి ఎంత గట్టిగా నొక్కుకుందంటే తర్వాత చాలాసేపు చెవి మండింది.

"ముగ్గురూ బయటికొచ్చినారు మేడమ్," అన్నాడు లేవి ఆయాసంతో. "ఇప్పుడు చెప్పండి. ఏమైంది?"

అప్పటికి గోపీనాథ్ ఆమె బల్ల దగ్గరికి వచ్చి నిలబడి ఉన్నాడు. స్క్రీన్ చూశాడు. ఆయనకు ప్రోగ్రామింగు తెలుసు. చూడగానే అర్థమైంది. చేయి చాపి ఫోన్ తీసుకున్నాడు. "లేవి గారూ, నెట్‌వర్క్ సమస్య మాదిరి ఉండాది. చూసి సాయంత్రానికి సరిచేసి పంపిస్తాం. అంతవరకు జాగ్రత్తకు ఆపమన్నాం, అంతే," అని పెట్టేశాడు.

ఆ లైను రాయడానికి పద్మప్రియకు అర నిమిషం పట్టింది. తాళం వేసి స్టార్ట్ నొక్కి ఇరవై సార్లు పరీక్షించింది. ఇరవై సార్లూ ఆగింది. సాయంత్రానికి ఫ్యాక్టరీకి పంపేశారు. రిపోర్టు మీద సంతకం మాత్రం చేయలేదు.

గోపీనాథ్ ఆమెను గదిలోకి పిలిచాడు. చెడ్డవాడు కాదు. ఆలూరు దగ్గర మెట్టపొలాల్లోంచి వచ్చినవాడు. ఆఫీసులో ఎవరింట్లో జబ్బు చేసినా ముందు ఆయనే ఆసుపత్రికి పోతాడు.

"పద్మమ్మా, సరిదిద్దినాం. ఇంక ఎవరికీ ఏమీ కాదు. తప్పు మాదేనని రాసిస్తే ఆ ఫ్యాక్టరీ మనల్ని మళ్ళీ గేటు లోపలికి రానీదు. ఈ ఆఫీసులో ముప్పాతిక పని వాళ్ళదే."

"ఆయన తాళం వేసినాడు సార్."

"నీకు తెలుసా?"

"తెలియదు. వేయలేదని కూడా ఎవరికీ తెలియదు. ఆ గడి ఖాళీ. ఎవరు వేసినా ఖాళీనే ఉంటుంది. ఆ ఖాళీ గడిని చూసి తప్పు ఆయనదంటాండారు."

"రెండు రోజులు ఆగు," అన్నాడు గోపీనాథ్. "ఆలోచిద్దాం."

ఆ రెండు రోజులూ పద్మప్రియ అన్నం ముందు కూర్చుని లేచింది. బీరకాయ కూర పొయ్యి మీద అడుగంటింది. తాను రాసిన పాత ప్రోగ్రాములన్నీ ఒకదాని తర్వాత ఒకటి తెరిచి, ఎక్కడెక్కడ పేరెంట్ పనిని మళ్ళీ రాసిందో, అక్కడ సూపర్ ఉందో లేదో వేలు పెట్టి చూసుకుంది. ప్రొద్దుటూరులో ఒక నూనె మిల్లు, బేతంచెర్లలో ఒక రాళ్ళ ఫ్యాక్టరీ. అన్నిట్లోనూ ఉంది. ఉందని చూసి మూసేసి, కాసేపటికి నిజంగా చూశానా అని అనుమానం వచ్చి మళ్ళీ తెరిచేది.

శుక్రవారం సాయంత్రం దుకాణానికి పోయి భర్తతో చెప్పింది. కిరణ్‌కుమార్ ఒక స్టార్టరు విప్పి తుడుస్తూ విన్నాడు.

"మీరైతే ఏం చేస్తారు?" అని అడిగింది.

"నేనమ్మిన స్టార్టరు తాకి ఎవరికైనా షాక్ కొట్టిందని తెలిస్తే, ముందు నాది కాదేమో, వేరే కంపెనీదేమో అని వెతుక్కుంటా పద్మా. నిజం చెప్తాండా. నాదేనని తెలిసినాక ఏం చేస్తానో నాకే తెలీదు." స్టార్టరు పక్కన పెట్టాడు. "ఆ మనిషిని చూసినావా నువ్వు?"

"లేదు."

"ముందు చూసి రా."

శనివారం ఉదయం ఆమె బస్సెక్కి ఎర్రగుంట్లలో దిగింది. లారీల స్టాండు దగ్గర అడిగితే ఓబన్న ఇల్లు చూపించారు. ఫ్యాక్టరీ వెనక కొత్తగా వేసిన కాలనీ. గడపల ముందు నాపరాళ్ళు పరిచి ఉన్నాయి. చెట్ల ఆకుల మీద, ఆరేసిన బట్టల మీద సన్నటి బూడిదరంగు దుమ్ము.

ఓబన్న వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. నలభై ఐదేళ్ళుంటాయి. ఎడమచేతికి మోచేతి దాకా కట్టు. ఆ కట్టులోంచి మూడు వేళ్ళే కనబడుతున్నాయి. భార్య చెన్నమ్మ కుర్చీ తెచ్చి వేసింది. కంప్యూటర్ కంపెనీ నుంచి వచ్చానని పద్మప్రియ చెప్పగానే ఓబన్న ముఖం ముడుచుకుంది.

"మళ్ళీ అడగడానికి వచ్చినారా? ఎన్నిసార్లు చెప్పాల మేడమ్? నేను కార్డు పెట్టినా. నా పేరు ఎర్రగా వచ్చింది. చూసినంకనే దిగినా. పద్దెనిమిదేండ్లు ఆ బెల్టుల కిందే బతికినా, కార్డు పెట్టకుండా దిగుతానా? కంట్రోల్ రూమ్‌లో ఎవరో నొక్కినారు, బెల్టు వెనక్కి తిరిగింది. చెయ్యి రోలరు కిందికి పోయింది. పైన మా గ్యాంగు రామేశ్వరమ్మ బెల్టు ఆపే తాడు లాగకుంటే భుజం దాకా పోయేది."

"మరి మీ పేరు పెట్టె మీద తర్వాత ఎవరూ చూడలేదా?"

"నన్ను ఎత్తుకొచ్చేటప్పుడు ఎవరో నా కార్డు తాకించి తీసేసినారంట, లెక్క సరిపోవాలని. ఇంగ ఏముండాది చూడను? కంప్యూటర్లో ఏమీ లేదు, నువ్వు తాళం ఎయ్యలేదు అంటాండారు. మా గ్యాంగోళ్ళు గూడా నమ్మడంలేదు. మా బామ్మర్దే అడిగినాడు, 'తాగినావా బావా ఆ పొద్దు' అని." కట్టు వైపు చూసుకున్నాడు. "చెయ్యి పోయినా సరే అనుకుంటిని మేడమ్. ఆ మాట మాత్రం..."

పద్మప్రియ చెప్పేసింది. ఎలా చెప్పాలో దారి పొడుగునా అనుకుంటూ వచ్చింది, ఆ మాటలేవీ నోటికి రాలేదు. "మీరు తాళం వేసినారు. బెల్టు ఆ తాళం చూడాలని నేను ఒక లైను రాయాల్సి ఉండె. రాయలేదు. మరిచిపోయినా. దానివల్లనే బెల్టు తిరిగింది. దానివల్లనే కంప్యూటర్లో మీ తాళం లెక్క పడలేదు. తప్పు నాది."

రోడ్డు మీద లారీ ఒకటి పోయింది. చెన్నమ్మ ఆమె చేతుల వైపు చూసింది.

"నీ చేతి యేళ్ళు పదీ బాగుండాయి గదమ్మా," అంది.

అంతే అంది. తిట్టలేదు. పద్మప్రియ చేతులు చీర కొంగులో దాచుకుంది. దాచుకున్నందుకు ఇంకా సిగ్గేసింది.

ఓబన్న అడిగాడు. "ఈ మాట రాసిస్తారా?"

"రాసిస్తా."

"రాసిస్తే సారోళ్ళు చదువుకుంటారు. మాకు చదువు రాదు. మా గ్యాంగు ముందరికొచ్చి చెప్పండి. నా ముందర కాదు, వాళ్ళ ముందర."

సోమవారం ఉదయం ఆమె తన పేరు మీదనే ఉత్తరం రాసింది. రెండు పేజీలు. ఏ లైను ఉండాలి, ఏ రోజు నుంచి లేదు, లేకపోవడం వల్ల రిపోర్టులో గడి ఎందుకు ఖాళీగా ఉంది, సున్నాకూ ఖాళీకీ తేడా ఏమిటి. లేవికి పంపింది. అదే ఉత్తరం గోపీనాథ్‌కూ పంపి, ఆయన గదిలోకి పోయి నిలబడింది. ఆయన చదివాడు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"రెండు రోజులు ఆగమన్నాను."

"ఐదు రోజులైంది సార్."

ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. ఆ రోజంతా ఆమెతో మాట్లాడలేదు.

బుధవారం మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకు ఫ్యాక్టరీకి రమ్మని లేవి కబురు చేశాడు. ప్యాకింగు షెడ్డు నీడలో గ్యాంగు వాళ్ళు పద్నాలుగు మంది నిలబడ్డారు. తలలకు తువ్వాళ్ళు, ముఖాలకు దుమ్ము. ఓబన్నను ఒక స్టూలు మీద కూర్చోబెట్టారు. బామ్మర్ది వెనక వరుసలో ఉన్నాడు. పద్మప్రియ వాళ్ళ ఎదురుగా నిలబడింది. ఇంతకు ముందు ఎప్పుడూ ఆఫీసర్లకే చెప్పింది, బొమ్మలు చూపించి, ఇంగ్లీషు మాటలతో. ఇక్కడ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

"ఈడుండే బెల్టులన్నిటికీ కలిపి కంప్యూటర్లో ఒకేచోట రాసిపెట్టినాం," అని మొదలుపెట్టింది. "ఎవరైనా స్టార్ట్ నొక్కితే ముందు తాళాలు చూడాలని ఆడ ఉండాది. ఆరు బెల్టులు ఆడున్నదే వాడుకుంటాయి. ఏడో బెల్టు రెండు వైపులా తిరుగుతాది కాబట్టి దానికి స్టార్ట్ నేను వేరేగా రాసినా. వేరేగా రాసినప్పుడు, 'ముందు ఆ పాతది పిలువు, తాళాలు చూసుకో, ఆ తర్వాతే తిరుగు' అని ఒక లైను రాయాల. నేను రాయలేదు."

అరవై ఏళ్ళ రామేశ్వరమ్మ ముందుకొచ్చింది. ఆ రోజు తాడు లాగి బెల్టు ఆపింది ఆమే.

"అంటే మేం కార్డు పెట్టినా, ఎర్రగా పేరొచ్చినా, ఆ బెల్టు చూడలేదా?"

"చూడలేదమ్మా. చూడమని నేను చెప్పలేదు."

"ఎన్నాళ్ళు?"

"పదకొండు రోజులు ఓబన్న ప్రమాదానికి ముందు. ఆ తర్వాత మూడు రోజులు."

"ఆ మూడు రోజుల్లో నేనూ దిగినా," అంది రామేశ్వరమ్మ. నెమ్మదిగానే అంది. వెనక ఎవరో నోట్లో బండబూతు తిట్టారు. ఎవరూ ఆపలేదు. పద్మప్రియ తలొంచుకుంది, మళ్ళీ ఎత్తింది. ఇప్పుడు తలొంచుకుంటే పారిపోయినట్టే ఉంటుందనిపించింది.

"అయితే ఓబన్న కార్డు పెట్టినాడా లేదా?" బామ్మర్ది గొంతు.

"ఆయన పెట్టలేదని చెప్పే సాక్ష్యం కంప్యూటర్లో ఏమీ లేదు. ఉందని మీరంతా అనుకున్నది నా తప్పు వల్ల. ఆయన పెట్టినానంటాండాడు. నేను నమ్ముతా."

లేవి ముందుకొచ్చాడు. తాళం వేయలేదని ఓబన్న మీద పెట్టిన నోటీసు వెనక్కి తీసుకుంటున్నట్టు కాగితం చదివాడు. ఓబన్న నేలచూపులు చూస్తూ విన్నాడు. చదవడం అయ్యాక, "ఇంగోసారి చదవండి సార్," అన్నాడు. లేవి మళ్ళీ చదివాడు.

"ఇంగ మిగతా బెల్టుల సంగతేంది?" రామేశ్వరమ్మ వదల్లేదు. "ఇప్పుడు బాగైందంటారు. అప్పుడూ బాగుందనే అంటిరి గదా."

నమ్మమని అడిగే హక్కు తనకు లేదని పద్మప్రియకు తెలుసు. "మీరే చూడండి," అంది. "మీరు కార్డు పెట్టండి. మీరే స్టార్ట్ నొక్కండి."

లేవి మొదట ఒప్పుకోలేదు. కంట్రోల్ రూమ్‌లోకి కూలీలను రానివ్వరు. కానీ ఓబన్న స్టూలు మీద నుంచి లేచి నిలబడేసరికి ఆయన పక్కకు జరిగి దారి ఇచ్చాడు. ఒకటో బెల్టుతో మొదలుపెట్టారు. లోపల ఎవరూ లేకుండా చూసి, పెట్టె దగ్గర బామ్మర్ది కార్డు తాకించాడు. పేరు వెలిగింది. పైన కంట్రోల్ రూమ్‌లో రామేశ్వరమ్మ కొంగుతో వేలు తుడుచుకుని స్టార్ట్ నొక్కింది. 'ఒక తాళం, ఆపబడింది' అని స్క్రీన్ మీద పడింది. ఆమెకు చదువు రాదు. "ఏమనింది?" అని అడిగింది. లేవి చదివి చెప్పాడు. ఆమె కిటికీలోంచి కిందికి చూసింది. బెల్టు కదల్లేదని తన కళ్ళతో చూసి, "ఊ, ఇంగోటి," అంది.

ఆరు బెల్టులూ కదల్లేదు. ఏడో దాని వంతు వచ్చింది. ఇరవై సార్లు పరీక్షించింది పద్మప్రియే. అయినా ఆ క్షణంలో ఆమె దేన్నీ నమ్మలేదు. ముందుకు నొక్కింది రామేశ్వరమ్మ. ఆగింది. వెనక్కి నొక్కింది. ఆగింది. కింద బెల్టు పక్కన నిలబడి ఉన్న ఓబన్న అప్పటిదాకా కట్టు కట్టిన చేతిని కుడిచేత్తో గట్టిగా పట్టుకునే ఉన్నాడు. మళ్ళీ నొక్కమని పైకి సైగ చేశాడు. ఆమె మళ్ళీ నొక్కింది. నాలుగుసార్లు. అప్పుడు చేయి వదిలాడు.

తర్వాత జరిగినవి అంత గొప్పగా ఏమీ లేవు. ఫ్యాక్టరీ వాళ్ళు గోపీనాథ్ కంపెనీని తీసేయలేదు. అయితే ప్రతి ప్రోగ్రామునూ రాసినవాళ్ళు కాక ఇంకొకరు చదివి సంతకం చేయాలని, కొత్త యంత్రం ఏది వచ్చినా గ్యాంగులో ఒకరు తాళం వేసి స్టార్ట్ నొక్కి చూసిన తర్వాతే పనిలో పెట్టాలని షరతు రాశారు. కరెంటు తీయకుండా ఎవర్నీ లోపలికి దింపకూడదని లేవి పట్టుబట్టాడు. గొణిగారు, కానీ నడుస్తోంది. పద్మప్రియను గోపీనాథ్ ఆ ఫ్యాక్టరీ పని నుంచి తప్పించాడు. కొంతకాలం ఆమెకు మిగతావాళ్ళు రాసిన ప్రోగ్రాములు చదివి సరిచూసే పనే ఇచ్చారు. ఆయన మనసు కుదుటపడి మునుపటిలా పద్మమ్మా అని పిలవడానికి మూడు నెలలు పట్టింది.

ఆ సరిచూసే పనిలోనే జనవరిలో ఒకరోజు, ఆఫీసులో కొత్తగా చేరిన మధులత రాసిన ఫైలులో, ఒక నీళ్ళ పంపు 'ఆపు' అనే పనిలో సూపర్ లేకపోవడం కనిపించింది. దానివల్ల ఎవరికీ ప్రమాదం లేదు, లెక్క తప్పుతుంది అంతే. అయినా పద్మప్రియ ఆ ఫైలు మూడుసార్లు చదివింది. ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుంది. కసరలేదు. ఓబన్న సంగతి మొదటినుంచీ చెప్పింది. తన పేరు దాచలేదు.

ఓబన్నకు కట్టు విప్పారు. రెండు వేళ్ళు లేవు, మణికట్టు పూర్తిగా తిరగదు. గొట్టాల్లోకి దిగే పని ఇక చేయలేడు. గేటు దగ్గర కార్డులు ఇచ్చే పనిలో పెట్టారు. సంక్రాంతి దాటాక ఒకరోజు పద్మప్రియ చూడ్డానికి పోయింది. కిటికీ అవతల ఓబన్న ఒక్కో కార్డు గేటు దగ్గరి పరీక్ష పెట్టె మీద తాకించి, పేరు వెలిగిందో లేదో చూసి, అప్పుడే మనిషి చేతికి ఇస్తున్నాడు. వరుస పెరిగిపోతోంది. వెనక ఎవరో తొందరపెట్టారు.

"ఆగప్పా," అన్నాడతను తలెత్తకుండా. "నీ పేరు ఇంకా రాలేదు."

పద్మప్రియను చూశాడు. నవ్వలేదు, ముఖం తిప్పుకోనూలేదు. "కూర్చోండి మేడమ్, ఈ వరుస అయిపోనీ," అన్నాడు. ఆమె గేటు పక్కన సిమెంటు అరుగు మీద కూర్చుంది.